కొయ్యచీలలతో కట్టిన గుడి: చిలోయె దీవులలోని ఆచావ్ విచారణ దేవాలయము

ఈ పత్రిక చదువు సభ్యులు ఎరువులు, విత్తనములు, అప్పులు, వాయిదాలు మొదలగు విషయములకు అలవాటు పడినవారు. అట్టివారికి ఒక దూరదేశపు క్రైస్తవ దేవాలయమును గూర్చిన వ్యాసము చూడగానే "ఇది మనకేల?" యని తోచవచ్చును. మేము చెప్పబోవునది మతబోధ కాదు. ఏటికి సుమారు 80 అంగుళముల వాన కురియు ఒక దీవిలో, రాతిగోడ గాని యిటుకగోడ గాని లేక, కేవలము కొయ్యతో, ఇనుపమేకులకు బదులు కొయ్యచీలలు దిగగొట్టి, 18వ శతాబ్దమున కట్టిన గుడి యొకటి నేటికిని నిలిచి యున్నది. దానిని కట్టినవారు దుంపలు పండించుకొనువారును చేపలు పట్టుకొనువారును. ఇన్ని యేండ్లుగా దానిని బాగుచేసికొనుచు వచ్చినవారు వారి సంతతివారే. మన సంఘపు గిడ్డంగులు, పశువుల సాలలు, బడి పాకలు కట్టిన పదియేండ్లకే కురియుట చూచుచున్న మాకు, ఆ గుడి కథ సభ్యుల యెదుట పెట్టదగినదిగా తోచినది.

దక్షిణ అమెరికా ఖండమునకు పడమటి యంచున, పొడుగాటి పటకావలె, చిలీ దేశమున్నది. దాని ఉత్తరమున ఎడారి, నడుమ ద్రాక్షతోటలు, దక్షిణమున వానలు, అడవులు, మంచు. ఆ దక్షిణభాగమున, భూమధ్యరేఖకు దిగువ 42 డిగ్రీల యక్షాంశము వద్ద, చిలోయె యను ద్వీపసమూహము గలదు. పెద్దదీవి ఉత్తర దక్షిణములుగా సుమారు 180 కిలోమీటర్ల పొడవు. దానికి తూర్పుగా లోతట్టు సముద్రమున చిన్నదీవులు అనేకము చెదరియున్నవి. వానిలో కించావ్ అనుదాని యొడ్డున ఆచావ్ అను చిన్న రేవుపట్టణము కలదు. లొరేటో మరియమాత పేరిట వెలసిన ఆ ఊరి విచారణ దేవాలయమే ముఖ్యముగా మా వ్యాసమునకు విషయము. ఆ దీవులలో నేడు నిలిచియున్న గుళ్లలో ఇదియే మిక్కిలి పాతది. 1730 మొదలుకొని ఇరువది యేండ్ల లోపల దానిని కట్టిరి; తరువాత కొన్నిమార్లు మార్పులును చేర్పులును జరిగినవి.

మన సభ్యులు ఆ దీవులను ఎరుగకపోయినను, ఆ దీవుల పంటను ఎరుగుదురు. బంగాళాదుంపకు పుట్టినిల్లు పెరూ, బొలీవియా దేశముల కొండలని చెప్పుకొనుట గలదు. అది నిజమే. అయినను ఆ కొండల దుంప పగలు పొట్టిగా నుండు దినములలో గాని సరిగా గడ్డకట్టదు. చిలోయె ప్రాంతపు రకములో, వేసవిలో పగలు మిక్కిలి దీర్ఘముగా నుండు చల్లని నేలలకు అలవాటు పడినవి. అందుచేతనే నేడు లోకమందు సాగులోనున్న బంగాళాదుంప రకములలో చాలభాగమునకు చిలీ దక్షిణతీరపు దుంప పూర్వులలో నొకటిగా నున్నది. మన బజారులో తూకమువేయు దుంపయందును ఆ దీవుల రక్తము కొంత గలదనుట అతిశయోక్తి కాదు. అక్కడి ఆడవారు పెరటి మళ్లలో సుమారు 200 నాటురకములను నేటికిని నిలుపుకొనుచున్నారు; నల్లనివి, ఊదారంగువి, వ్రేళ్లవలె వంకరలు పోయినవి. 2011వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ ఈ సేద్యమును లోకపు వ్యవసాయ వారసత్వములలో నొకటిగా గుర్తించినది.

వారి పాత దున్నకము విన్నచో మన కాపులు నవ్వుదురేమో. లూమా యను ఇనుమువంటి కొయ్యతో చేసిన రెండు పొడుగాటి మొనకఱ్ఱలను చేతులతో పట్టి, పొట్టకు గొఱ్ఱెతోలు కట్టుకొని, పొట్టతో నెట్టుచు నేలలోనికి దింపువాడొకడు. ఆ మొనలక్రింద మరియొక పొట్టికఱ్ఱ పెట్టి గడ్డను తిరుగవేయువాడు రెండవవాడు. ఒక్కడే యున్నచో ఆ పని సాగదు. దున్నుటకే ఇద్దరు కావలసిన ఊరిలో, పొరుగువానితో మాటలాడక పంతము పట్టి కూర్చుండుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును.

ఇట్టి జీవనమునుండి పుట్టినది మింగా యను ఆచారము. దుంపలు త్రవ్వవలసి వచ్చినను, ఇల్లు కట్టవలసి వచ్చినను, గృహస్థు పొరుగువారి యిండ్లకు స్వయముగా పోయి వినయముతో అడుగును. వారు నియమిత దినమున ఎడ్లతోను పనిముట్లతోను వత్తురు. కూలి లేదు. వచ్చినవారికి తృప్తిగా భోజనము పెట్టవలెను, త్రాగుటకును ఇయ్యవలెను. రేపు వారు పిలిచినప్పుడు తాను పోవలెను. మన పల్లెలలో నాట్లకును కోతలకును బదులుపని చేసికొనుట యెట్టిదో యిదియు నట్టిదే. అయితే వారు దీనిని మనమెరుగనంత దూరము తీసికొని పోయిరి. ఇల్లంతయు కొయ్యదే గనుక, కాపు మరియొక చోటికి మారదలచినచో ఇంటినే మార్చును. అడుగున దుంగలు వేసి, పది యిరువది జతల యెడ్లను పూన్చి, ఊరంతయు కేకలు వేయుచు ఇంటిని లాగుకొని పోవుదురు; నడుమ సముద్రపుపాయ వచ్చినచో దానిని నీటిపై తేల్చి పడవలతో ఆవలియొడ్డు చేర్తురు. ఇల్లు లాగగల జనమునకు గుడి కట్టుట అసాధ్యము కాదు.

ఇక గుడి పుట్టుక. స్పెయిను దేశస్థులు 1567లో ఆ పెద్దదీవిపై కాస్ట్రో పట్టణమును స్థాపించిరి. 1608లో యేసుసభ గురువులు, అనగా జెస్యూట్లు, అచటికి వచ్చిరి. వారు కొలదిమంది, దీవులు అనేకములు, దారులన్నియు నీటిదారులు. అందుచేత వారొక పద్ధతి నేర్పరచుకొనిరి. సెప్టెంబరు నెలలో, అనగా అచట వసంతారంభమున, ఇద్దరు గురువులు కాస్ట్రోనుండి బయలుదేరి, పలకలను త్రాళ్లతో కుట్టిన దల్కా యను పడవలలో దీవి దీవికి పోవుచు, ఒక్కొక్క చోట మూడేసి దినములుండి, పిల్లలకు జ్ఞానస్నానములు, వధూవరులకు వివాహములు, పెద్దలకు పాపసంకీర్తనములు జరిపి, మే నెలలో వానలు ముదురకమునుపు తిరిగివచ్చెడివారు. స్వరూపములను గూడ పెట్టెలలో పెట్టుకొని వెంట తీసికొని పోయెడివారు. దీనికి సంచారమిషను అని పేరు. గురువు సంవత్సరమునకు మూడుదినములు వచ్చు చోట తక్కిన దినములన్నియు గుడి యెవరిది? ఊరివారిదే.

ఊరిలో ఒక పెద్దను ఫిస్కాల్ అను పేర నియమించెడివారు. అతడు గురువు లేనప్పుడు జపములు చెప్పించును, పిల్లలకు నేర్పును, మరణావస్థలో నున్నవారికి తోడుగా నుండును. గుడి తాళపుచెవులును, వస్తువులును, శుభ్రతయు చూచుటకు వేరొకడు. మన తెలుగు దేశమునకు 18వ శతాబ్దారంభమున పుంగనూరు మొదలగు చోట్లకు వచ్చిన ఫ్రెంచి గురువులును ఈ యేసుసభవారే. ఇచ్చటను గురువులు అరుదు, పల్లెలు దూరము. అందుచేత ఊరూర ఉపదేశి యేర్పడెను. మేము చిన్ననాడు మిషను బడిలో చదువునప్పుడు కూడ మాకు అక్షరములు దిద్దించినదియు, గుడిగంట కొట్టినదియు, వానకు కారుచున్న గుడికప్పు పైకెక్కినదియు ఆ ఉపదేశిగారే. చిలోయెలో ఫిస్కాలు పదవి మూడు శతాబ్దములు దాటి నేటికిని కలదు. పైరాజ్యములు మారినవి, గురువుల సభలు మారినవి, ఆ పదవి మారలేదు.

ఇంతమాత్రమున ఆ కాలమంతయు సహకారస్వర్గమని చెప్పుట తప్పు. స్పెయిను దొరలు స్థానికులగు వెలిచె జనమును పంచుకొని, వారిచేత పన్నుక్రింద వెట్టి చేయించెడివారు. ఆ పన్నులో ముఖ్యమైనది అలెర్సె యను మహావృక్షపు పలకలు. నాణెములు కరవైన ఆ దీవులలో ఆ పలకలే నాణెములుగా చెల్లినవి. గొడ్డలి పట్టి సముద్రము దాటి ప్రధానభూమి కొండలలోనికి పోయి, చలిలోను తడిలోను నెలలతరబడి పలకలు చీల్చినవాడు వెలిచె కాపు; లెక్కవ్రాసికొనినవాడు దొర. ఈ బాధ పడలేక 1712లో వారు తిరుగబడిరి. ఆ తిరుగుబాటును క్రూరముగా అణచిరి. ఆ తరువాత ఒక తరములోపలనే ఆచావ్ గుడి లేచినది. దొర పన్నునకు పలకలు చీల్చిన చేతులే ఈ గుడికిని చీల్చినవి. ఆ రెంటిలో ఏది ఇంతకాలము నిలిచినదో చూచినచో, వెట్టిచేతను మనసుచేతను జరిగిన పనులకు గల భేదము మాకు కొంత బోధపడుచున్నది.

కట్టడపు సంగతికి వత్తము. ఆ దీవుల గుళ్లు సాధారణముగా రేవునకు కనబడునట్లు, కొంచెము మెట్టనేలపై ఉండును. పడవలో వచ్చువానికి గోపురమే గురుతు. మెట్ట గనుక వాననీరు నిలువదు. గుడియెదుట ఖాళీమైదానము విడుతురు. ఉత్సవ దినమున ప్రదక్షిణము జరుగుటకును, తక్కిన దినములలో జనము కూడుటకును అదియే చోటు. మొదట చాలచోట్ల గుడియు గురువు బసయు తప్ప వేరు ఇండ్లు లేవు. ఊరు తరువాత గుడిచుట్టు చేరినది.

పునాది చూడుడు. కొయ్యకు శత్రువు నీరు కాదు, నిలిచిన నీరు. తడిసి ఆరు కొయ్య బ్రతుకును. తడినేలలో పాతిన కొయ్య మొదలు కుళ్లును. మన పాకల నిట్రాళ్లు ఎచ్చట విరుగునో ప్రతి కాపునకు తెలియును: నేలమట్టమునకు జానెడు పైనను జానెడు క్రిందను. చిలోయె వడ్రంగులు స్తంభములను నేలలో పాతక, విడివిడిగా పెట్టిన రాళ్లపై నిలిపి, రాళ్లపై అడ్డదూలములు పరచి, ఆ దూలములలో స్తంభములను కూర్చిరి. నేలకును నేలపలకలకును నడుమ గాలి ఆడును. ఎప్పుడైన ఒక స్తంభపు మొదలు చెడినచో, ఆ భాగము మాత్రము కోసివేసి, క్రొత్తముక్కను అతుకుపెట్టి, క్రింద రాయి దోపవచ్చును. గుడి మొత్తము దించనక్కరలేదు.

పైభాగము పడవలు కట్టువాని పని. ఆ దీవులలో ప్రతి మగవాడును అంతో యింతో పడవపని తెలిసినవాడే. ఒక కొయ్యకు కుసి చెక్కి, రెండవదానికి బెజ్జము తొలిచి, ఒకదానిలో నొకటి దిగగొట్టి, అడ్డముగా కొయ్యచీల బిగింతురు. ఇనుము ఆ కాలమున దూరమునుండి రావలెను, వెల యెక్కువ. పైగా ఉప్పుగాలికి త్రుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను గూడ తినివేయును. కొయ్యచీలయో, తడికి కొయ్యతోపాటు ఉబ్బును, ఎండకు కొయ్యతోపాటు కుదియును. కనుక బిగువు చెడదు. గాలివాన వచ్చినప్పుడు అట్టి కట్టడము కిఱ్ఱుమనుచు కొంచెము ఊగి మరల తనచోటికి వచ్చును. 1960 మే 22న ఆ ప్రాంతమును కుదిపిన భూకంపము 9.5 ప్రమాణము గలది. యంత్రములతో కొలిచిన భూకంపములలో నింతటిది మరియొకటి లేదు. సముద్రము పొంగి తీరపు ఇండ్లను ఊడ్చుకొనిపోయెను. దానికి మునుపు కట్టిన కొయ్యగుళ్లు అనేకము ఆ తరువాతను నిలిచియే యున్నవి.

లోపల మూడు నడవలు. నడుమ నడవ వెడల్పు, దానిపై అర్ధచంద్రాకారముగా వంచిన కొయ్యకప్పు; ప్రక్కనడవలకు చదునైన కప్పు. నడుమ కప్పును క్రిందినుండి చూచినచో తలక్రిందులు చేసిన పడవ కడుపు జ్ఞాపకము వచ్చును. యూరపులో ఇట్టి వంపుకప్పు రాతితో కట్టుదురు; దాని బరువును మోయుటకు గోడలు గజముల మందము కావలెను. ఇచ్చటిది పలుచని పలకలతో అల్లి, పైకప్పు దూలములక్రింద అమర్చినది. చూచుటకు రాతిదానివలె గంభీరము, మోయుటకు తేలిక. ఆనాడు చిలీకి వచ్చిన యేసుసభవారిలో బవేరియా మొదలగు మధ్యయూరపు దేశములవారు పెక్కుమంది. బరోకు అను ఆ నాటి అలంకారపద్ధతి వారివెంట వచ్చినది. ఆచావ్ గుడి వెలుపల చూచుటకు కాపువాని కొట్టమువలె నిరాడంబరముగా నుండును. లోపల అడుగు పెట్టినచో పీఠములు, స్తంభములు, కప్పు అన్నియు లతలతోను చెక్కడములతోను రంగులతోను నిండియుండును. బంగారు పూత పూయు దేశములలో పాలరాతిపై చేసిన పనిని, ఇచ్చట గొడ్డలియు ఉలియు పట్టినవారు కొయ్యపై చేసిరి. కొన్నిచోట్ల తీగ సరిగా తిరుగలేదు. మాకు ఆ వంకరయే ముద్దుగా తోచును.

ముందువైపున తోరణములతో కూడిన వరండా, దానిమీద గోపురము. వానలో తడిసి వచ్చినవారు లోపలికి పోకమునుపు నిలుచుటకు వరండా. గంటకును, సముద్రముమీది వారికి గురుతునకును గోపురము. గోపురము పైభాగము ఎనిమిది పలకలుగా నుండును. గాలి నాలుగుపలకల గోపురమును కొట్టినంత బలముగా ఎనిమిదిపలకలదానిని కొట్టజాలదు.

మేము చెప్పదలచినవానిలో మిక్కిలి ముచ్చటయైనది కొయ్యపెంకు. అలెర్సె చెట్టు మూడువేలయేండ్లకు మించి బ్రతుకును. ఒక మొద్దుపై వలయములు లెక్కించి 3600 సంవత్సరములకు పైబడినట్లు కనుగొన్నారు. దాని కొయ్య నీటికి కుళ్లదు. నారు తిన్నగా నుండుటచేత ఱంపము అక్కరలేదు. గొడ్డలితోను చీలలతోను నిలువునా చీల్చినచో పలుచని పెంకులు వచ్చును. ఇందులో మర్మమేమన: ఱంపము నారును అడ్డముగా తెంపును, తెగిన నారు నోరు తెరచి నీరు త్రాగును. చీల్చిన పెంకులో నారు తెగదు. నీరు నారువెంబడి జారి చూరునుండి పడిపోవును. ఈ పెంకులను గోడలపైనను కప్పుపైనను, ఒకదానిపై నొకటి మూడింట రెండువంతులు కప్పబడునట్లు పేర్తురు. ఏ చోటనైనను మూడు పెంకుల మందము ఉండును. ఒకటి పగిలినచో దానినొక్కదానిని ఊడదీసి వేరొకటి దోపవచ్చును. పిల్లవాడైనను చేయదగిన పని. కాని సమయమునకు చేయవలెను. మా ప్రాంతమున ఒక గ్రామపు గిడ్డంగిమీద నాలుగు పెంకులు జారగా, ఎవరు ఎక్కవలెను, ఖర్చు ఎవరి పద్దున వ్రాయవలెనను తగవుతో రెండు వర్షాకాలములు గడచినవి. మూడవయేట వాసములే కూలి, అందలి వేరుసెనగ విత్తనము మొలకెత్తి పాడైనది. నాలుగు పెంకుల వెల అప్పటికి ఎవరికిని జ్ఞాపకము లేదు.

1767లో స్పెయిను రాజు యేసుసభవారిని తన రాజ్యములన్నిటినుండి వెడలగొట్టెను. అప్పటికి చిలోయెలో సుమారు 80 గుళ్లు ఉండెను. కొలదియేండ్లకు ఫ్రాన్సిస్కను సభవారు వచ్చి పాత పద్ధతినే సాగించిరి. నడుమ గురువులులేని కాలమున ఫిస్కాలులు గుళ్లను కాపాడిరి. 1826లో ఆ దీవులు చిలీ రాజ్యమున చేరినవి. దానికి ఎనిమిదియేండ్ల తరువాత, 1834లో, చార్లెస్ డార్విన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు కాస్ట్రోకు వచ్చి, పలకలతోనే కట్టిన అచటి గుడిని మెచ్చుకొనెను. ఊరిలో గడియారమన్నది లేనందున, కాలము బాగుగా అంచనావేయగలడని పేరుపడిన ఒక వృద్ధునిచేత గుడిగంట కొట్టించుచుండిరని అతడు వ్రాసినాడు. ఒకడు బొగ్గుల మూటను, ఇంకొకడు ఒక పలకను వీపున మోసికొనిపోయి చిల్లర సరకులకు మార్చుకొనుట కూడ చూచినాడు. చేతిలో కాసులేని జనము ఇన్ని గుళ్లను ఎట్లు నిలిపిరని అడుగువారికి ఇది చెప్పవలెను: వారు కాసులతో నిలుపలేదు.

గుళ్లు కట్టుట తరువాతి శతాబ్దములలో ఆగలేదు. ఇప్పుడున్నవానిలో ఎక్కువభాగము 19వ శతాబ్దమునాటివి, రూపము పాతదే. కాస్ట్రో పట్టణపు గుడి కాలిపోగా, దాని స్థానమున ఇప్పుడున్నదానికి ఎదువార్దొ ప్రొవాసొలి యను ఇటలీ దేశపు శిల్పి పటము గీచెను. 1910లో పని మొదలై 1912లో ముగిసినది. పటములోని గోతిక్ కట్టడమును ఇటుకతోను సిమెంటుతోను కట్టవలెనని అతని తలంపు. స్థానిక వడ్రంగులు పటము నట్లే యుంచి, తమకు తెలిసిన కొయ్యతోనే కట్టి, వెలుపల తగరపు రేకులు తొడిగిరి. ఆ రేకులకు పసుపు, ఊదారంగులు పూయగా చూచువారికి అది కొయ్యగుడియని తోచనే తోచదు. ఈ తగరపురేకు తరువాత ఇతర గుళ్లమీదికిని ఎక్కినది. రేకు చవుక, వేయుట సులభము. కాని లోపల కొయ్య చెడుచున్నచో రేకు దానిని దాచును. పెంకులకప్పు ముందుగా చెప్పును, రేకులకప్పు చివరకు చెప్పును.

20వ శతాబ్దపు చివరికి చాల గుళ్లు జీర్ణించినవి. ఆంకూద్ పట్టణమున బిషప్పుగారి చొరవతో 1993లో దేవాలయ మిత్రులను పేర నొక సంస్థ యేర్పడెను. 2000లో యునెస్కో వారు ఈ గుళ్లను ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చిరి; ఆ పట్టికలో ఆచావ్, కాస్ట్రో మొదలగునవి 16 కలవు. పేరు వచ్చినది, ధనము వచ్చినది, శాస్త్రజ్ఞులు వచ్చిరి. అయినను గాలికి పేరుతో పనిలేదు. 2002లో గాలివాన కొట్టి పట్టికలోనిదే యగు చోంచి గుడి గోపురము కూలినది. దానిని తరువాత మరల కట్టిరి.

నేటి చిక్కులు రెండు. మొదటిది కొయ్య. అలెర్సె వృక్షములు తరిగిపోవుటచేత 1976 నుండి పచ్చిచెట్టు నరుకుట చిలీలో నిషేధము. పూర్వము చచ్చి పడియున్న మొద్దులనుండి మాత్రము, అదియు సర్కారు అనుమతితో, పెంకు తీయవలెను. అడవిని కాపాడుట అవసరమే. గుడి కప్పును కాపాడుట అవసరమే. ఈ రెంటిని కలుపుట సులభము కాదు. ఆచావ్ వంటి పేరుపొందిన గుడికి అనుమతి దొరకును. పట్టికలో లేని చిన్నదీవుల గుళ్లు, వేరుజాతి కొయ్యతోను రేకుతోను గడుపుకొనవలసినదే.

రెండవది జనము. 1980 తరువాత చిలోయె సముద్రమున సాల్మను చేపల పెంపకపు కంపెనీలు వచ్చినవి. యువకులకు నెలజీతములు దొరికినవి. జీతమునకు పోవువాడు పొరుగువాని దుంపలు త్రవ్వుటకు దినము ఇయ్యజాలడు. ఇయ్యనివానికి తిరిగి వచ్చువారును ఉండరు. 2007లో చేపలకు అంటురోగము తగిలి కంపెనీలు దెబ్బతినగా, వేలమంది పనులు పోగొట్టుకొని పల్లెకు తిరిగి చూచిరి. కొందరికి పొలము నిలిచియున్నది, బదులుపని నిలిచియుండలేదు. ఇల్లు లాగు మింగాను ఇప్పుడు కొన్నిచోట్ల యాత్రికులు చూచుటకై ఉత్సవముగా జరుపుచున్నారు. దానిని మేము తప్పుపట్టము. కాని వేడుకకు లాగిన ఇల్లును అవసరమునకు లాగిన ఇల్లును ఒకటి కావు.

అయినను ఆచారము చావలేదు. కగువాచ్ అను చిన్నదీవిలో ప్రతి సంవత్సరము ఆగస్టు 30న నజరేయుడైన యేసు ఉత్సవము జరుగును. అది అచట చలికాలము; సముద్రము కఠినముగా నుండును. ఆ దినమునకు చుట్టుదీవులనుండి పడవలమీద జనము వత్తురు. వచ్చినవారికి బస, భోజనము దీవివారే చూతురు. ఆ మర్యాదలో ఎవరి పాలు ఎంతయో పాతకాలమునుండి నిర్ణయమై యున్నది.

గుళ్లు బాగుచేయుటలో ఇప్పుడు అవలంబించు పద్ధతి చెప్పి ముగింతుము. ముందు కప్పు విప్పి, ఒక్కొక్క కొయ్యకు గురుతు వేయుదురు. చెడినంతవరకే కోసి, పాత వడ్రంగి పెట్టిన అతుకునే క్రొత్తకొయ్యతో మరల పెట్టుదురు. బాగున్న పాతముక్కను తీసివేయరు. స్థానిక వడ్రంగులే పనివారు. వృద్ధుడు చెప్పుచుండగా పడుచువాడు చెక్కును. ఆ విధముగా తీసివేసిన కుళ్లిన కుసులు, చీలలు, స్తంభపు మొదళ్లు వ్యర్థముగా పారవేయక, ఆంకూద్ నగరమున ఒక పాత కన్యకామఠములో, గుళ్ల చిన్న నమూనాల ప్రక్కన దాచియుంచినారు. రెండు కొయ్యలు ఎట్లు ఒకదానిలో నొకటి దిగినవో, చీల ఎచ్చట దూరినదో, నీరు ఎచ్చటినుండి ప్రవేశించినదో అచట చేతితో పట్టిచూచి నేర్చుకొనవచ్చును.